కర్రీ పాయింట్‌లో పని పంచాను, లైను పెరిగింది. ఎక్కడ తప్పింది?

ఎంవీపీ_కూరలమ్మ | శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీలో మాదొక చిన్న కర్రీ పాయింట్. తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాం. వంట దగ్గర ఇద్దరు, కౌంటర్ దగ్గర ముగ్గురు, పైన నేను. మధ్యాహ్నం పెద్ద ఒత్తిడి ఉండదు. రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మాత్రం ఊపిరాడదు. ఆఫీసుల నుంచి ఇంటికెళ్లే బళ్లన్నీ మా ముందే ఆగుతాయి.

ఇన్నాళ్లూ కౌంటర్‌లో ముగ్గురూ ఎవరికి వారే. ఏం కావాలో అడగడం, కవర్లో కూర పొయ్యడం, ముడెయ్యడం, డబ్బులు చూసుకోవడం, ఒక మనిషి వస్తే అన్నీ ఒక్కరే చేసి పంపేవారు. మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్. వచ్చి చూసి, "అత్తా, ఇదేం పద్ధతి! ఒక్కొక్కరికి ఒక్కో పని పంచెయ్, చెయ్యి తిరిగి స్పీడు వస్తుంది" అన్నాడు. సరే అని సోమవారం నుంచి ఒకరికి ఆర్డరు, డబ్బులు, ఒకరికి పొయ్యడం, ఒకరికి ముడి. చూడ్డానికి భలే ఉంది. కానీ లైను ఫుట్‌పాత్ దాటి రోడ్డెక్కింది. నిన్న పక్క మెడికల్ షాపాయన వచ్చి, "మా మెట్ల మీద నిలబడుతున్నారమ్మా" అని మర్యాదగానే చెప్పి వెళ్లాడు.

మనుషులు అవే, కూరలు అవే. పని పంచితే ఎందుకు నెమ్మదించింది? తెలిసినవాళ్లు చెప్పండి.

---

రుషికొండ_కోడర్ | శనివారం రాత్రి 11:48

ముందుగా, ఆ మేనల్లుణ్ణి నేను కాదు 🙂

కానీ అతను చెప్పింది పాత పాఠమే. 1776లో ఆడమ్ స్మిత్ గుండుసూదుల కార్ఖానా గురించి రాశాడు. తీగ లాగేది ఒకరు, కత్తిరించేది ఒకరు, మొన చేసేది ఒకరు, ఇలా దాదాపు 18 పనులు. పది మంది కలిసి రోజుకి 48,000 సూదులు చేసేవారట. అదే ఎవరికి వారు మొదట్నుంచీ చివరిదాకా చేస్తే తలా ఇరవై కూడా కావట. కాబట్టి మీ వాళ్లకి ఇంకా అలవాటు పడలేదు. ఓ నెల ఆగండి, అదే సర్దుకుంటుంది.

---

సీతమ్మధార_సందేహం | ఆదివారం ఉదయం 6:55

నెల ఆగితే లైను ఉండదు, నిజమే. జనం వేరే కర్రీ పాయింట్‌కి పోతారు. సూది ఆలస్యమైతే సూదికి కోపం రాదు బాబూ.

---

బీషిఫ్ట్_బాబాయ్ | ఆదివారం ఉదయం 7:30

అమ్మా, నేను ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. సలహాలు తర్వాత, ముందు ఒక పని చెయ్యి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడు పనులకీ విడివిడిగా టైము చూడు. ఒకర్నే కాదు, ఓ ఇరవై మందిని చూసి సగటు రాయి. చూస్తున్నట్టు వాళ్లకి తెలియకుండా చూడు. తెలిస్తే చేతులు వేరేగా ఆడతాయి.

---

పందిరి_భోజనాలు | ఆదివారం ఉదయం 9:10

కేటరింగ్ చేసేవాణ్ణి, నా అనుభవం చెప్తాను.

బంతి వడ్డనలో మేం పని పంచుకునే చేస్తాం. ఒక్కో మనిషి చేతిలో ఒక్కో గిన్నె. పులిహోరవాడు పులిహోరే, పప్పువాడు పప్పే. గిన్నె దించి ఇంకోటి ఎత్తే పని లేదు కాబట్టి వంద ఆకులు చకచకా నిండుతాయి. మాకు కుదిరింది మీకెందుకు కుదరలేదు? నాకు తోచింది ఇది. మా దగ్గర ఆకు కదలదు, మనిషి కదులుతాడు. ఏం వడ్డించాలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆకులో ఖాళీ చూస్తే తెలిసిపోతుంది. మీ దగ్గర మనుషులు నిలబడ్డారు, కవరు కదులుతోంది. కవరుతో పాటు మాట కూడా చేతులు మారాలి. "రెండు పప్పు, ఒక వంకాయ, సాంబారు వద్దు" అన్నది మొదటావిడ విని రెండో ఆవిడకి చెప్పాలి. ఫ్యాన్ల చప్పుడు, బళ్ల హారన్లు, మధ్యలో సౌండ్ బాక్స్ అరుపు. ఎన్నిసార్లు తప్పు పడుతోందో చూసుకోండి.

మాకూ ఒక చోట ఇరుకుతుంది. నెయ్యి దగ్గర. నెయ్యి వేసేవాడు ప్రతి ఆకు దగ్గరా "ఇంకొంచెం" విని ఆగుతాడు. వాడి వెనక సాంబారు బకెట్టు మోస్తున్నవాడు చెయ్యి లాగేస్తుంటే నిలబడి ఉంటాడు. అందుకని పప్పుకి ఒకడే అయినా నెయ్యికి మాత్రం ఇద్దర్ని పెట్టి, ఆ కొసనుంచొకణ్ణి, ఈ కొసనుంచొకణ్ణి నడిపిస్తాం.

---

ఎంవీపీ_కూరలమ్మ | ఆదివారం రాత్రి 10:50

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. మా చిన్నోడు బిల్లు పుస్తకం సర్దుతున్నట్టు నటిస్తూ రాశాడు. సగటున ఒక మనిషి నాలుగు కూరలు తీసుకుంటాడు.

ఆర్డరు, డబ్బులు: 25 సెకన్లు.
నాలుగు కవర్లలో పొయ్యడం: 50 సెకన్లు.
నాలుగు ముడులు: 30 సెకన్లు.

పాత పద్ధతిలో ఏడున్నర నుంచి ఎనిమిది లోపు 40 మంది వెళ్లేవారు. కొత్త పద్ధతిలో 31 మంది. పందిరి అన్నయ్య చెప్పినట్టు తప్పులు కూడా లెక్కపెట్టాం, ఆ అరగంటలో అయిదు. ఒకాయనకి గుత్తి వంకాయ బదులు వంకాయ పచ్చడి వెళ్లింది. ఆయన ఇంటికెళ్లి మళ్లీ వచ్చాడు, పాపం.

---

బీషిఫ్ట్_బాబాయ్ | సోమవారం ఉదయం 6:40

దొరికింది. మొత్తం పని 105 సెకన్లు. ముగ్గురూ ఎవరికి వారు చేస్తే లెక్కప్రకారం 35 సెకన్లకొక మనిషి వెళ్లాలి. అరగంటలో 40 మంది అంటే నీకు 45 పట్టేది, ఎక్కడో ఒకరికొకరు అడ్డం పడేవారన్నమాట. పప్పు గిన్నెకి ఒకే గరిటె ఉంటుంది, అవునా?

పంచాక ఏమైంది? పొయ్యడం ఒక్కరి మీద పడింది. అది 50 సెకన్లు. ఆర్డరు తీసుకునే ఆవిడ ఎంత చురుకైనా, ముడేసే ఆవిడ ఎంత చురుకైనా, 50 సెకన్లకొక మనిషే బయటికొస్తాడు, తప్పులు పడితే ఇంకా ఆలస్యం. ఆర్డరావిడ సగం సేపు ఖాళీ, ముడావిడ దాదాపు సగం సేపు ఖాళీ. మధ్యలో ఆవిడ మాత్రం చెమటలు కక్కుతోంది. ముక్కలు సమానంగా లేవు తల్లీ.

మా ప్లాంట్ సంగతి చెప్తా. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు. నదుల పేర్లు పెట్టి మూడోదానికి అన్నపూర్ణ అన్నారు, ఎందుకో ఆ పేరంటే నాకు ముందునుంచీ ఇష్టం. సరే. ఫర్నేసు నుంచి కరిగిన ఇనుము సుమారు 1,450 డిగ్రీల మీద వస్తుంది. అది ఇనుముని ఉక్కు చేసే స్టీల్ మెల్టింగ్ షాపుకి పోవాలి. వాళ్ల వేగం వేరు, మా వేగం వేరు. ఫర్నేసుని "కాసేపు ఆగవే" అనలేం. అందుకని మధ్యలో టార్పెడో ల్యాడిల్ అని పట్టాల మీద నడిచే పెద్ద పొడుగాటి పాత్రలుంటాయి. లోపల ఇటుక వేసి ఉంటుంది, గంటల తరబడి లోహం వేడి నిలుస్తుంది. రెండు విభాగాల వేగం కలవనప్పుడు మధ్యలో నిలవ పెట్టుకునే చోటు ఉండాలి. ఆ చోటు లేకుండా పని పంచితే ఒకరు ఖాళీ, ఒకరు అవస్థ.

నీ కౌంటర్‌లో ఆ టార్పెడో ఏదో ఆలోచించు.

---

గాజువాక_గొంతు | సోమవారం ఉదయం 8:05

ప్లాంటు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, అసలు దాన్ని అమ్మేస్తామంటుంటే…

---

నిర్వాహకుడు | సోమవారం ఉదయం 8:30

దానికి వేరే చర్చ ఉంది, నూట ఎనభై పేజీలు దాటింది. అక్కడికి రండి. ఇక్కడ కూరల గురించి మాట్లాడుకుందాం. ఈ విషయంలోనే మరో రెండు వ్యాఖ్యలు తొలగించాను.

---

రుషికొండ_కోడర్ | సోమవారం మధ్యాహ్నం 1:15

ఒప్పుకుంటున్నా, "నెల ఆగండి" అన్నది తొందరపాటు మాట.

బాబాయ్ లెక్కని కొంచెం ముందుకు తీసుకెళ్తా. పొయ్యడం, ముడెయ్యడం కలిపి 80 సెకన్లు. ఆ రెండూ విడదీయకుండా ఇద్దరికి ఇవ్వండి, ఎవరి కవరు వాళ్లే పోసి వాళ్లే ముడేస్తారు. 40 సెకన్లకొక మనిషి. ఆర్డరావిడకి ఇంకా 15 సెకన్లు మిగులుతాయి. అంటే మూడు ముక్కలకంటే రెండు ముక్కలే మేలు.

మా దగ్గర మిషన్లతోనూ ఇదే తంటా. ఒక పని ఒక సర్వర్ మీద గంట పడుతుంటే పది సర్వర్లు పెడితే ఆరు నిమిషాల్లో అవుతుందని మేనేజర్ అనుకుంటాడు. 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు దీని మీద ఒక వాదన పెట్టాడు. పనిలో పదో వంతు పంచడానికి వీల్లేనిదైతే, వెయ్యి మిషన్లు తెచ్చినా మొత్తం వేగం పది రెట్లు దాటదు. గంట పనిలో ఆ పదో వంతు, అంటే ఆరు నిమిషాలు, అలాగే ఉంటాయి కదా. పది సర్వర్లు పెడితే లెక్కప్రకారమే పదకొండు నిమిషాలు దాటుతుంది.

మనుషులైతే ఇంకోటి తోడవుతుంది, మాటలు. అయిదుగురు ఉంటే ఇద్దరిద్దరి మధ్య మాట నడిచే దారులు పది. పది మంది అయితే నలభై అయిదు. మా టీమ్‌లో పొద్దున మీటింగ్ పదిహేను నిమిషాలని మొదలై ఇప్పుడు టిఫిన్ టైము మింగేస్తోంది.

---

పూర్ణామార్కెట్_పెద్దోడు | సోమవారం సాయంత్రం 5:20

ఇంత లెక్కలెందుకండీ. కూరగాయలు తరిగే మిషన్ కొనేయండి. మా బంధువుల హోటల్లో కొన్నారు, ఇద్దరి పని చేస్తోంది.

---

ఎంవీపీ_కూరలమ్మ | సోమవారం రాత్రి 10:40

అన్నయ్యా, అది రెండేళ్ల కిందటే కొన్నాం. క్యాబేజీకి, క్యారెట్‌కి బంగారం. ఉల్లిపాయ మాత్రం నీరు కారిపోయి వేపుడు ముద్దవుతుంది. అదీగాక మా ఇబ్బంది వంటింట్లో కాదు, కౌంటర్ దగ్గర. వంట ఆరున్నరకే అయిపోతుంది. అక్కడ మిషన్ పెట్టి తొందరపడితే కూరలు ముందే చల్లారతాయి తప్ప లైను తగ్గదు.

---

సింధియా_వెల్డర్ | సోమవారం రాత్రి 11:30

టార్పెడో మాట చదివాక నాకు మా పని గుర్తొచ్చింది.

పూర్వం ఓడని కీల్ (అడుగున వెన్నెముక లాంటి దూలం) మీంచి పైకి, పలక తర్వాత పలక, అక్కడికక్కడే కట్టేవారు. ఇప్పుడు బ్లాకులు. షెడ్డులో ముక్కలు ముక్కలుగా తయారుచేసి, పైపులు కూడా వీలైనంత వరకు అక్కడే బిగించి, క్రేన్‌తో తెచ్చి కలుపుతాం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్లు లిబర్టీ ఓడల్ని ఇలాగే కట్టారు. మొదటి ఓడకి 244 రోజులు పట్టింది. 1942 నవంబర్‌లో ఒకదాన్ని నాలుగు రోజుల 15 గంటల్లో నీళ్లలోకి దించారు. అది పేరు కోసం చేసిన పనే అనుకోండి, మామూలుగా నెల పైనే పట్టేది.

బయటివాళ్లు మనుషులు ఎక్కువ కాబట్టి అనుకుంటారు. నా లెక్కలో అసలు సంగతి వేరు. ఓడ లోపల ఇరుకు ట్యాంకులో తల పైకెత్తి వెల్డింగ్ చేస్తే రవ్వలు మెడ మీద పడతాయి, అరగంటకొకసారి బయటికి రావాలి. అదే బ్లాకుని షెడ్డులో తలకిందులుగా తిప్పి పెడితే కింద చూస్తూ హాయిగా చేసుకోవచ్చు. కష్టమైన చోట చేసే పనిని సులువైన చోటికి, సులువైన వేళకి మార్చారు.

అమ్మా, మీ రద్దీ ఏడున్నరకి. వంట ఆరున్నరకే అయిపోతుందన్నారు. ఆ గంట మీ షెడ్డు.

---

హార్బర్_కళాసి | మంగళవారం తెల్లవారుజాము 4:50

నేనూ ఒక మాట. మాది ఫిషింగ్ హార్బర్, చిన్నప్పుడు మా నాన్నతో అలివి వల లాగేవాణ్ణి. తాడు ఒక కొస ఒడ్డునే ఉంటాది. తెప్ప వల వేసుకుంటూ సముద్రంలో చుట్టు తిరిగి రెండో కొస ఒడ్డుకి తెస్తాది. రెండు జట్లు రెండు తాళ్లు లాగాలి. ఒక జట్టులో బలమైనోళ్లు ఎక్కువైతే మంచిదనుకుంటారు కదా? కాదు. ఒక పక్క ముందొచ్చేస్తే వల వంకర తిరుగుతాది, చేపలు రెండో పక్క నుంచి జారిపోతాయి. అందుకే ముందున్న జట్టుని ఆపుతారు. గట్టిగా లాగేవోణ్ణి ఆగమనడం కష్టం గాని, ఆపకపోతే అందరి కూడూ పోతాది.

ఇప్పుడు మరబోటు మీద పోతన్నాను. బోటు నడిపే సరంగు ఒకడు, మిగతా మేమంతా కళాసీలం. వంట, ఐసు, వల, చేపలు ఏరడం, ఎవరి పని వాళ్లకుంటాది. కాని వల పైకొచ్చిందంటే వంట చేసేవోడు కూడా గరిటె పక్కన పెట్టి వస్తాడు. ఎందుకంటే ఖర్చులు పోను మిగిలినదాంట్లో అందరికీ వాటా. "అది నా పని కాదు" అంటే తన వాటా తనే తగ్గించుకున్నట్టు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. అప్పుడు చూడాలి, బోటు రంగు, వల కుట్టడం, అన్నీ అందరం.

మీ ముగ్గురికీ జీతమా, అమ్మకంలో ఏమన్నా ఉందా?

---

కాలర్_నాలుగేళ్లు | మంగళవారం మధ్యాహ్నం 2:35

ఇంతమంది లెక్కలు చెప్పారు. ముడేసే ఆవిడ ఏమంటోందో ఎవరూ అడగలేదు.

నేను ఒక కుట్టు కంపెనీలో నాలుగేళ్లు చేశాను. లైనులో నా పని కాలరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలరే. పక్కావిడ చెయ్యి, ఆ పక్కావిడ జేబు. వేగం వస్తుందన్నది నిజమే, మూడో నెలకే నా చేతులు నేను చూసుకోకుండా కుట్టేవి. నిద్రలో కూడా వేళ్లు మడతపెట్టేవని మా ఆయన నవ్వేవాడు. అమ్మకి బాగోక మానేశాను. ఇంటి దగ్గర మిషన్ పెట్టుకుని కుట్టు పని చేద్దామనుకున్నాను. మా ఆడపడుచు జాకెట్టు ముక్క తెచ్చి ఇచ్చింది. కత్తెర పట్టుకుని కూర్చున్నాను. ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియలేదండీ. నాలుగేళ్లు కుట్టినదాన్ని, ఒక జాకెట్టు కుట్టలేకపోయాను. ఆ రోజు ఎంత ఏడ్చానో. మళ్లీ వీధి చివర టైలరక్క దగ్గర ఆర్నెల్లు కూర్చుని నేర్చుకున్నాను.

పని ముక్కలు చేసినవాళ్లకి ముక్కలు కలిపే విద్య మిగులుతుంది. ముక్క పట్టుకున్నవాళ్లకి ముక్కే మిగులుతుంది. ఒక్కసారి ఆవిణ్ణి అడగండి.

---

బీషిఫ్ట్_బాబాయ్ | మంగళవారం సాయంత్రం 6:15

ఈ అమ్మాయి చెప్పింది నాకు తట్టలేదు. అడగాల్సింది.

---

ఎంవీపీ_కూరలమ్మ | మంగళవారం రాత్రి 11:10

అడిగాను. చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది.

ముడేసేది మా దగ్గర మొదటి రోజు నుంచీ ఉన్న పెద్దావిడ. చెయ్యి వణుకుతుంది కదా, వేడి కూరలతో ఎందుకని నేనే ముడులకి పెట్టాను. మంచి చేశాననుకున్నాను. "ముడులెయ్యడానికే నన్ను ఉంచావనిపిస్తోందమ్మా" అంది. వేళ్ల కణుపులు చూపించింది, ఎర్రగా కంది ఉన్నాయి. రాత్రికి ఆరేడు వందల ముడులు మరి.

ఇంకోటి చెప్పింది. రోజూ వచ్చేవాళ్లు ఆవిడకి మొహాలతో తెలుసు. ఈయనకి సాంబారు పలచగా పై నుంచి తియ్యాలి, ఆ బ్యాంకు అమ్మాయికి వేపుడు అడుగున మాడిన ముక్కలు ఇష్టం, ఫలానా తాతగారికి ఉప్పు తగ్గించిన పప్పు పక్కన తీసి ఉంచాలి. పాత పద్ధతిలో అవన్నీ వాటంతటవే జరిగిపోయేవి. ఇప్పుడు ఆవిడ తల వంచుకుని ముడులేస్తోంది, వచ్చినవాళ్ల మొహం చూడ్డమే లేదు. పోసే అమ్మాయికి ఇవేవీ తెలియవు. తాతగారు మూడు రోజులుగా రావట్లేదట. నేను గమనించనే లేదు.

కళాసి తమ్ముడూ, జీతమే. వాటా సంగతి మా ఆయనతో మాట్లాడాలి.

---

సీతమ్మధార_సందేహం | మంగళవారం రాత్రి 11:25

ఇంకా ప్లాస్టిక్ కవర్లేనా అండీ? మరిగే సాంబారు కవర్లో పోస్తే ఆరోగ్యానికి మంచిది కాదు. గిన్నె తెచ్చుకున్నవాళ్లకి రెండు రూపాయలు తగ్గించండి, ముడి పనే ఉండదు.

---

పందిరి_భోజనాలు | బుధవారం ఉదయం 7:00

ఈ సందేహం బాగుంది. పనిని ముగ్గురికి ఎలా పంచాలా అని ఇంతమందిమి తలలు పట్టుకున్నాం. ఆ పని లేకుండా చెయ్యొచ్చని ఒక్కరికీ తట్టలేదు.

---

ఎంవీపీ_కూరలమ్మ | మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 11:05

ఆలస్యానికి ఏమనుకోకండి. మధ్యలో కౌంటర్ అమ్మాయొకతె సొంతూరు పండక్కి వెళ్లిపోయింది. ముక్కల పద్ధతిలోనే ఉండుంటే ఆ నాలుగు రోజులు షాపు మూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడేం చేస్తున్నామో రాస్తాను.

దాదాపు అందరూ తీసుకునేవి పప్పు, సాంబారు. ఆ రెండూ ఆరున్నర నుంచి ఏడుంపావు లోపు ముందే కట్టి, మూత ఉన్న థర్మోకోల్ పెట్టెలో పెడుతున్నాం. బాబాయ్ గారి టార్పెడో, వెల్డర్ తమ్ముడి షెడ్డు రెండూ అదే. ఎనిమిదిన్నరకి కూడా వేడిగానే ఉంటున్నాయి. మొదటి రోజు మరీ ఎక్కువ కట్టేశాం, పద్దెనిమిది సాంబార్లు మిగిలాయి, ఇంటిల్లిపాదీ రెండు పూటలు అదే. ఇప్పుడు నలభై కట్టి, పెట్టె సగానికి రాగానే ఇంకో పది కడుతున్నాం.

రద్దీలో మిగిలినవి రెండు కూరలే కాబట్టి పొయ్యడం, ముడి కలిపి 40 సెకన్లు. ఇద్దరు చేస్తున్నారు, అంటే 20. విచిత్రమేమిటంటే, ఇప్పుడు ఆర్డరు, డబ్బుల దగ్గర ఇరుకు మొదలైంది! అక్కడ 25 సెకన్లు కదా. దాంతో ఏ రోజు కూరలు ఆ రోజు రాసే బోర్డు లైనులో చేరే చోటే పెట్టించాను, కౌంటర్ దాకా వచ్చేలోపే ఆలోచించుకుంటున్నారు. స్కానర్ కూడా ఒకటి అక్కడే అంటించాను. మొన్న ఏడున్నర నుంచి ఎనిమిది లోపు 54 మంది వెళ్లారు. మెడికల్ షాపు మెట్లు ఖాళీ.

ముగ్గురూ అరగంటకొకసారి చోట్లు మారుతున్నారు. మారేటప్పుడు ఒక నిమిషం పోతుంది, పోనిచ్చాను. పెద్దావిణ్ణి ఎక్కువగా ఆర్డరు దగ్గరే ఉంచుతున్నాను. లెక్కలు నెమ్మదే గానీ మనిషిని చూడగానే "మీకు పలచటి సాంబారు కదా" అంటుంది, సగం ఆర్డరు ఆవిడే చెప్పేస్తోంది. గిన్నె తెచ్చుకునేవాళ్లు ఇప్పటికి పదకొండు మంది, వాళ్లని పక్క నుంచి పంపుతున్నాం. నెలాఖరు అమ్మకంలో కొంత ముగ్గురికీ ఇవ్వడానికి మా ఆయన ఒప్పుకున్నాడు, ఎంతన్నది ఇంకా తేలలేదు.

మేనల్లుడు మొన్న వచ్చాడు. లైను లేకపోవడం చూసి, "చూశావా అత్తా, నేను చెప్పానా" అన్నాడు. భోజనం పెట్టి పంపాను.

---

రుషికొండ_కోడర్ | శుక్రవారం రాత్రి 11:30

🙏 తాతగారు వస్తున్నారా?

---

ఎంవీపీ_కూరలమ్మ | శుక్రవారం రాత్రి 11:34

వస్తున్నారు బాబూ. పెద్దావిడే వాళ్లింటికి వెళ్లి చెప్పొచ్చింది. పప్పు పక్కన తీసి ఉంచుతున్నాం.

---

హార్బర్_కళాసి | శనివారం తెల్లవారుజాము 4:30

అక్కా, చేపల పులుసు ఏ రోజు పెడతారు?